జంపఖానా మీద చోటు

నా చిన్నప్పుడు క్లబ్బు అంటే మగవాళ్ళు పేకాడుకునే చోటు. ఆడవాళ్ళకు క్లబ్బేమిటని నవ్వే రోజుల్లో మా అమ్మ బాలానగర్‌లో క్లబ్బు పెట్టింది. అదీ డిగ్రీ చదివిన ఆడవాళ్ళకు మాత్రమే. ఇప్పుడా క్లబ్బు మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో నెలకోసారి కలుస్తుంది. సభ్యుల్లో చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వాళ్ళే. మొన్న వాళ్ళలో ఇద్దరమ్మాయిలు మదీనాగూడలో మా ఫ్లాటుకు వచ్చారు. క్లబ్బు చరిత్ర రాస్తున్నామనీ, మా అమ్మ మొదటి అధ్యక్షురాలు కాబట్టి నాకు గుర్తున్నది చెప్పమనీ అడిగారు. చెప్పాను. నవ్వుకుంటూ వచ్చిన పిల్లలు వెళ్ళేటప్పుడు కొంచెం మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళారు. ఏం చేస్తాం, అడిగింది వాళ్ళే. వాళ్ళకు చెప్పిందే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మాది కృష్ణా జిల్లా. నాన్నకు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. క్వార్టర్సు వెంటనే దొరకక, ఒకరింట్లో సగం భాగం కిరాయికి తీసుకున్నాం. ఇంటివాళ్ళు అక్కడి మనుషులే. ఫ్యాక్టరీలు రాకముందు వాళ్ళకు వ్యవసాయం ఉండేదట. పొలం పోయాక మిగిలిన జాగాలో ఇల్లు కట్టుకుని, సగంలో తాము ఉంటూ సగం మాకిచ్చారు. ఇంట్లో ఉండేది ఇద్దరే, తండ్రీ కూతురూ. ఆ కూతురే నాకు అక్క. మా అమ్మ ఆమెను 'చెల్లీ' అని పిలిచేది. ఆ లెక్కన నాకు పిన్ని కావాలి. కానీ నేను అక్కా అన్నాను, ఆమె పలికింది, ఇక ఎవరూ ఆ వరస సరిచేయలేదు.

మా అమ్మ బెజవాడలో బి.ఏ. చదివింది, ఎకనామిక్సు. చదివిన మరుసటేడే పెళ్ళయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ తను ఏం చదువుకుందో ఒక్కరూ అడగలేదని అమ్మకు లోలోపల గట్టి దిగులుండేది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేవాళ్ళే గానీ, కాలేజీలో నీకేది ఇష్టంగా ఉండేదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. బాలానగర్ వచ్చాక ఆ దిగులున్న ఆడవాళ్ళు ఇంకొందరు కనిపించారు. అంతా మావైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబాలవాళ్ళే. ఒకావిడ బోటనీ, ఒకావిడ లెక్కలు, ఇంకొకావిడ తెలుగు. వీళ్ళందరినీ పోగేసి అమ్మ క్లబ్బు పెడతానంది. అనడమైతే అన్నది గానీ, కూర్చోవడానికి చోటేది? మా రెండు గదుల్లో మేమే ఒకరినొకరు తోసుకుంటూ తిరిగేవాళ్ళం.

చోటిచ్చింది అక్క. వాళ్ళ ముందుగది పెద్దది. వాళ్ళ నాయనను అడిగి ఒప్పించి, ఉన్న మంచం, ధాన్యపు బస్తాలు లోపలికి తోసేసి, ట్రంకుపెట్టెలో దాచిన ఎర్ర జంపఖానా తీసి పరిచింది. నెలకు రెండు ఆదివారాలు మధ్యాహ్నం పూట ఆ జంపఖానా మీదే క్లబ్బు నడిచేది. చాయ్ కూడా అక్కే పెట్టేది. ఎవరూ చెప్పలేదు, తనే పెట్టేది.

ఆ క్లబ్బుకు ఒక పద్ధతి ఉండేది. ఇప్పటి పిల్లలకు చెప్తే విచిత్రంగా చూశారు. ప్రతి ఆదివారం ఒకరు లేచి తాము కాలేజీలో చదివిన దాని గురించి మాట్లాడాలి. అమ్మ ఒక అగరొత్తి వెలిగించి గూట్లో గుచ్చేది. అది కాలుతున్నంతసేపూ మాట్లాడేవాళ్ళకు ఎవరూ అడ్డు రాకూడదు. మొగుడి మాట, అత్తగారి మాట, పిల్లల జలుబు, పచ్చడి ఎలా పెట్టాలన్న మాట ఆ కాసేపూ నిషిద్ధం. బోటనీ ఆవిడ మునగ పువ్వు పట్టుకొచ్చి రేకలు విడదీసి చూపించింది. లెక్కల ఆవిడ నా పలక లాక్కుని ఏదో సిద్ధాంతం నిరూపించి, చివరికి ఆనందం పట్టలేక కళ్ళు తుడుచుకుంది. మా అమ్మ గాజులు కుప్పగా పోసి గిరాకీ, సరఫరా గురించి చెప్పింది. ఆ కాసేపూ అమ్మ నాకు తెలిసిన అమ్మలా ఉండేది కాదు, గొంతు కూడా వేరుగా ఉండేది. గుమ్మం దగ్గర కూర్చుని, ఈమె మా అమ్మే అని నేను ఎంత మురిసిపోయేదాన్నో చెప్పలేను.

కొత్తగా చేరేవాళ్ళకూ అదే పద్ధతి. వచ్చినావిడ నిలబడి ఒక అగరొత్తి సేపు తన చదువు గురించి చెప్పాలి. బూడిద రాలి నిప్పు ఆరిపోగానే, ముందుగా మా అమ్మ కూర్చున్నచోటు నుంచి కొంచెం పక్కకు జరిగేది. అమ్మను చూసి పక్కావిడ, ఆవిడను చూసి ఇంకొకావిడ, అలా అందరూ చీరలు సర్దుకుంటూ జరిగేవాళ్ళు. జంపఖానా మీద ఒక మనిషి పట్టే చోటు ఏర్పడేది. వచ్చినావిడ అక్కడ కూర్చుంటే సభ్యురాలైనట్టే. సంతకాలూ రుసుమూ ఏమీ లేవు. గది చిన్నది కాబట్టి పుట్టిన పద్ధతి అది, రానురాను అదే పెద్ద మర్యాదగా మారింది. నేను చూసినంతలో ఎవరికీ చోటు దొరక్కపోవడమన్నది లేదు.

అక్కకు మాత్రం జంపఖానా మీద కూర్చునే హక్కు లేదు. ఆమెకు ఇంకా డిగ్రీ రాలేదు. పి.యు.సి. అయ్యాక రోజూ బస్సెక్కి ఊళ్ళోకి పోయి చదవడానికి వాళ్ళ నాయన ఒప్పుకోలేదు. ఇంట్లోనే కూర్చుని ప్రైవేటుగా బి.ఏ.కు కట్టింది. వంటపని, ఇంటిపని, గొడ్డు పని చేసుకుంటూ, గైడ్లు ముందు పెట్టుకుని ఎవరూ చెప్పకుండా చదువుకుంది. క్లబ్బు జరిగే ఆదివారాల్లో లోపలి గుమ్మానికి ఆనుకుని నిలబడి వినేది. పాసైన రోజున నీకు చోటు నా పక్కనే అని మా అమ్మ ఆమెకు నా ఎదుటే ఎన్నోసార్లు చెప్పింది.

అక్కకు కావలసింది క్లబ్బులో చోటు ఒక్కటే అయితే నేనింత కథ రాసేదాన్ని కాదు. ఆమెకు బి.ఈడీ. చదివి బడిలో టీచరు కావాలని కోరిక. దానికి కాలేజీకి వెళ్ళక తప్పదు. వాళ్ళ నాయన మొండివాడేమీ కాదు, ఆయనకు పెద్దగా చదువు లేదంతే. ఇంట్లో చదివిన చదువు నిజంగా చదువేనా అన్నది ఆయన అనుమానం. ఒకరోజు మా గుమ్మం ముందుకు వచ్చి, తల మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని మా అమ్మను అడిగేశాడు.

"అమ్మా, మా పిల్ల ఇంట్ల కూసొని సదివింది. గది మీ సదువు లెక్కనే అయితదా, కాదా, నాకు తెల్వదు. మీరు మీ పక్కన కూసోబెట్టుకున్న దినం నాకు నమ్మకం కుదురుతది. ఇగ బీఈడీకి నేనే బస్సెక్కించి తోల్త."

"అదేంటండీ బాబాయిగారూ, మీకా బెంగ ఎందుకు? నేనున్నాను కదా," అంది అమ్మ.

ఆ ఎండాకాలం అక్క పాసైంది. పేపర్లో నంబరు చూసుకుని, నమ్మకం లేక నా చేత ఇంకోసారి చూపించింది. క్లబ్బులో ఏం మాట్లాడాలా అని ఆ రోజు నుంచే మొదలుపెట్టింది. ఆమెది చరిత్ర. ఫ్రాన్సులో రొట్టెలు దొరకనప్పుడు ఆడవాళ్ళంతా కలిసి వానలో రాజుగారి కోట దాకా నడిచి వెళ్ళిన కథ ఆమెకు ప్రాణం. గైడులో ఉన్నట్టే బట్టీ పట్టి, సాయంత్రాలు మేడ మీద నన్ను కూర్చోబెట్టి అప్పజెప్పేది. 'ఆనాడు వర్షము కురియుచుండెను' అని ఆమె మొదలుపెట్టగానే నాకు నవ్వొచ్చేది. నన్ను చూసి ఆమే నవ్వేసేది.

"గిట్ల చెప్తే నాకే నిద్రొస్తున్నది పిల్లా. మీ అమ్మనే అడుగుత, ఎట్ల చెప్పాల్నో," అంది రేపు సభ అనగా.

అడిగింది. నేనక్కడే ఉన్నాను. మా అమ్మ బియ్యం ఏరుతోంది, చాట పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ గ్రాంథికం నీకెందుకు చెల్లీ? నువ్వు ఇంట్లో ఎలా మాట్లాడతావో అలాగే చెప్పు. నీ మాట ఎంత బాగుంటుంది. వినేది అంతా మనవాళ్ళే, నేనున్నాను కదా," అంది. అక్క మొహం వెలిగిపోయింది. ఆ సాయంత్రం మేడ మీద తన మాటల్లో చెప్పింది. గైడు ఎక్కడికి పోయిందో తెలియదు, ఆ వానలో నేనే తడిసినట్టయింది. చెప్పడం పూర్తయ్యాక కిందికి పోయి తల మీద నీళ్ళు పోసుకుని జడ ఆరబెట్టుకుంది.

ఇక్కడ ఇంకొకావిడ గురించి చెప్పాలి. మా నాన్నకు పైఅధికారి ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య ఎమ్.ఏ. ఆ ఏడే క్లబ్బులో చేరింది. మోకాళ్ళ నొప్పులని చెప్పి ఆవిడ కింద కూర్చునేది కాదు. అక్క వాళ్ళింట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ ఆవిడకు వేసేవాళ్ళం. ఫ్యాక్టరీ కాలనీలో కొత్తగా హాలు కట్టారు. ఫ్యాన్లు, కుర్చీలు, మైకు అన్నీ ఉన్నాయి. ఆ హాలు క్లబ్బుకు ఇప్పించడం ఆవిడ చేతిలో పని. అమ్మ ఆ హాలు గురించి మాట్లాడని రోజు ఉండేది కాదు.

ఆదివారం వచ్చింది. అక్క తెల్లచీర కట్టుకుంది. అందరికీ నీళ్ళందించి, చేతులు తుడుచుకుని గది మధ్యలో నిలబడింది. అమ్మ అగరొత్తి వెలిగించింది. వాళ్ళ నాయన లోపలికి రాలేదు. వాకిట్లో గోడకు చేరగిలబడి చుట్ట పట్టుకుని నిలబడ్డాడు, వెలిగించలేదు. గుమ్మం దగ్గరున్న నాకు ఆయనా కనిపిస్తున్నాడు, అక్కా కనిపిస్తోంది.

"ఆ దినం వాన పడుతున్నది," అని మొదలుపెట్టింది అక్క. "పొద్దుగాల లేస్తే ఇంట్ల పిండి లేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నరు. ఇగ ఆడోళ్ళందరు ఒక్కతాన జమైన్రు. రాజు కాడికే పోదాం పాండ్రి అన్నరు. తడుసుకుంట, బురదల నడుసుకుంట పోయిన్రు."

ఎవరో నోట్లోనే 'పోయిన్రు' అన్నారు. పక్కావిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు జంపఖానా చుట్టూ ఒకరి నుంచి ఒకరికి పాకింది. అక్క ఒక్క క్షణం ఆగింది. మా అమ్మ వంక చూసింది. నేనూ చూశాను. అమ్మ తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. అక్క మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గొంతు తగ్గింది, మేడ మీద చెప్పిన మాటల్లో సగం వదిలేసి గబగబా చెప్పుకుపోయింది. ఆడవాళ్ళు కోట గేటు దగ్గరికి చేరేసరికి అగరొత్తి అయిపోయింది.

అక్క చేతులు కట్టుకుని నిలబడింది. అందరూ అమ్మ వంక చూశారు. ముందు జరగవలసింది అమ్మ. అమ్మ తన కుచ్చెళ్ళు సర్దుకుంది. ఇప్పుడు జరుగుతుంది అనుకున్నాను. కుర్చీలో ఉన్నావిడ వైపు ఒకసారి చూసి, మళ్ళీ అక్క వైపు తిరిగి ఎంతో మర్యాదగా, "చాలా బాగా చెప్పారండీ," అంది. అక్కను అమ్మ అండీ అనడం నేను విన్నది అదే మొదటిసారి. గౌరవం ఇచ్చిందేమో అనుకుని ఒక్క నిమిషం సంతోషించాను కూడా, పిచ్చిదాన్ని. తర్వాత చూస్తే ఎవరూ కదలడం లేదు. బోటనీ ఆవిడ గోళ్ళు చూసుకుంటోంది. లెక్కల ఆవిడ గూట్లో బూడిద చూస్తోంది. ఒక మనిషి నిలబడి ఉండగా అంతమంది అలా కూర్చోగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

చివరికి అక్కే మాట్లాడింది. "చాయ్ పెట్టుకొస్త," అని లోపలికి వెళ్ళింది.

నేను వెనకాలే వెళ్ళాను. అక్క కప్పులు వరసగా పెట్టింది. ఆ రోజు కోసం తనకొకటి ఎక్కువ కడిగి ఉంచుకుంది. దాన్ని చేతిలోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, తిరిగి గూట్లో బోర్లించింది. నాకు ఏడుపు ఆగలేదు. నా వైపు తిరగకుండానే, "ఏడ్వకు పిల్లా. మొకం ఉబ్బితే మీ అమ్మ నిన్ను కోప్పడుతది. జర ఆ చక్కెర డబ్బ అందియ్యి," అంది. అందించాను. చాయ్ ఎప్పటిలాగే పెట్టింది, ఎప్పటిలాగే పళ్ళెంలో అందరికీ తిప్పింది. తాగారు. అల్లం బాగా పడిందని కూడా అన్నారు.

వాకిట్లో చూస్తే వాళ్ళ నాయన లేడు. ఆయన సాయంత్రం తిరిగొచ్చాక గోడ అవతలి నుంచి ఒకే మాట వినిపించింది. "సదువుకున్నోళ్ళకే తెలుస్తది బిడ్డా, ఏది సదువో, ఏది కాదో."

మర్నాడు పొద్దున అమ్మ నాకు జడ వేస్తోంది. నాన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. అమ్మ ఉత్సాహంగా ఉంది. "హాలు ఖాయమైనట్టేనండీ," అంది నాన్నతో. "ఆవిడ పోయిన వారమే చెప్పారు, ప్రైవేటు డిగ్రీల వాళ్ళను కూడా చేర్చుకుంటూ పోతే క్లబ్బుకు విలువేముంటుందని. ఎలా కాదనాలా అని మథనపడ్డాను. నేను కాదనాల్సిన అవసరమే రాలేదు. ఆ భాష విన్నాక ఎవరికీ జరగబుద్ధి కాలేదు."

నా జడ ఆమె చేతిలో ఉంది. పోయిన వారమే అన్న మాట దగ్గర నా బుర్ర ఆగిపోయింది. పోయిన వారమే తెలిస్తే, మొన్న శనివారం బియ్యం ఏరుతూ అక్క చెయ్యి ఎందుకు పట్టుకుంది? నీ మాటల్లోనే చెప్పమని ఎందుకంది? నేను తొమ్మిదేళ్ళ పిల్లను. ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని చూడటం నాకు కష్టంగా ఉంది. అయినా పెట్టుకుని చూశాను.

"మరి అక్కకు చోటు నీ పక్కనే అన్నావుగా?" అని అడిగాను.

అమ్మ చేతులు ఆగలేదు. "పెద్దయ్యాక నీకే అర్థమవుతుందిలే. ఒక్క మనిషి కోసం అంతమందికి వచ్చే మంచి హాలు పోగొట్టుకుంటామా? అయినా అక్కకేం తక్కువ, సొంత ఇల్లుంది," అంది. కోపంగా అనలేదు. ఎంతో ప్రేమగా చెప్పి, రిబ్బను ముడి వేసి, బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఆ ముద్దు నాకు ఇష్టం కాలేదు. అమ్మ ముద్దు ఇష్టం కాకపోవడం అదే మొదలు, నాకు భయమేసింది.

పెద్దయ్యాను. ముసలిదాన్ని కూడా అయ్యాను. ఆమె అన్నట్టు అర్థమైంది ఏమీ లేదు. ఆ శనివారం అమ్మ నిజంగా అక్క మీద ప్రేమతోనే ఆ మాట చెప్పిందా, నవ్వులపాలవుతుందని తెలిసే చెప్పిందా అన్నది నాకు ఈ రోజుకీ తేలలేదు. కొన్నాళ్ళు ఒకటనుకుంటాను, కొన్నాళ్ళు రెండోది. రెండోదే అనుకున్న రోజుల్లో అమ్మ ఫొటో వైపు చూడబుద్ధి కాదు.

అంతటితో అయిపోయినా బాగుండేది. నాలుగు రోజుల తర్వాత అక్క మా గుమ్మంలోకి వచ్చింది. బి.ఈడీ.కి దరఖాస్తు గడువు దగ్గర పడుతోంది. "నన్ను క్లబ్బుల తీసుకోకున్నా పర్వాలేదక్కా. ఫికర్ లేదు. నాది కూడా సదువేనని మా నాయినకు ఒక్క మాట చెప్పున్రి. మీరు చెప్తె ఇంటడు," అంది. మా అమ్మ వెంటనే, "అయ్యో, తప్పకుండా చెప్తానండీ, దానికేం భాగ్యం," అంది. అక్క నమ్మింది. చెప్పాలంటే నేనూ మళ్ళీ నమ్మాను. తల్లిని నమ్మకుండా ఉండటం ఆ వయసు పిల్లకు చేతకాదు.

వాళ్ళ నాయన పొద్దునే చేద బావి దగ్గర మొహం కడుక్కునేవాడు. అమ్మ అక్కడే నీళ్ళు తోడుకునేది. ఇవాళ చెప్తుందేమో అని కిటికీలోంచి చూసేదాన్ని. వాన పడుతుందా అని అడిగేది, కరెంటు ఎప్పుడొస్తుందని అడిగేది. ఆ ఒక్క మాటా చెప్పేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక, "అక్క వాళ్ళ నాయనతో మాట్లాడావా అమ్మా?" అన్నాను. "ఎవరి ఇంటి సంగతుల్లో ఎవరం తలదూరుస్తాం?" అంది. గడువు దాటిపోయింది. దాటిపోయిన రోజు అక్క మేడ మీద బట్టలారేస్తూ నన్ను చూసి నవ్వింది.

క్లబ్బు కొత్త హాలుకు మారింది. అక్కడ జంపఖానా లేదు, అందరికీ వేరు వేరు కుర్చీలు. ఇక ఒకరి కోసం ఇంకొకరు జరగాల్సిన పనే లేకుండా పోయింది. అగరొత్తి కూడా కొన్నాళ్ళకు మానేశారు, మైకు దగ్గర పొగ బాగుండదని. తర్వాత మాకూ క్వార్టర్సు దొరికింది. సామాను ఎత్తేరోజు అక్క వచ్చి మా అమ్మ నెత్తిన పెట్టుకున్న మూట తను తీసుకుని రిక్షా దాకా మోసింది. అమ్మ ఆమెను కావలించుకుని, వస్తూపోతూ ఉండండి అంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు వాళ్ళు ఆ ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయారని విన్నాం. బడిలో టీచరైందా అంటే, కాలేదనే విన్నాను. ఇప్పుడా చోట ఫ్లైఓవరు స్తంభం ఉంది.

ఇదంతా విన్నాక మొన్న వచ్చిన అమ్మాయిల్లో ఒకామె సెల్లులో రాసుకుంటున్నది ఆపేసింది. తమ దగ్గరున్న ఫొటోలన్నీ హాలులోవేనని, క్లబ్బు పుట్టింది హాలులోనే అని ఇన్నాళ్ళూ రాసుకున్నామని చెప్పింది. అలా అని పాత సభ్యులకు మా అమ్మే చెప్పి ఉంటుంది. సభల్లో అమ్మ ఎప్పుడూ హాలు దగ్గర్నుంచే మొదలుపెట్టేది. "ఆవిడ మెంబరు కాదు కదా ఆంటీ, మరి హిస్టరీలో ఎక్కడ పెట్టాలి?" అని ఆ పిల్ల అమాయకంగానే అడిగింది. మొట్టమొదట పెట్టమన్నాను. పెడతారో లేదో వాళ్ళ ఇష్టం. ఇన్నేళ్ళయినా నాకింత కోపం మిగిలి ఉందని వాళ్ళు పోయాక గానీ నాకే తెలియలేదు.

నేను డిగ్రీ పాసైనప్పుడు అమ్మ ఎంతో సంబరంగా క్లబ్బులో చేరమంది. చేరనన్నాను. ఎందుకని అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు. కారణం ఆమెకూ తెలుసునని అప్పుడే అర్థమైంది.

మా అమ్మ నన్ను ప్రాణంగా పెంచింది. నాకు జ్వరమొస్తే తను అన్నం మానేసేది. ఆ మాట కాదంటే కళ్ళు పోతాయి. కానీ బాలానగర్‌లో ఆ ఇంట్లో ఉన్నప్పుడే నాకు ఒక అలవాటు పట్టుకుంది. మనసులో దేని మీదైనా ఆశ పుడితే, అది చేతికి వచ్చేదాకా అమ్మకు తెలియనిచ్చేదాన్ని కాదు. ఉద్యోగానికి రాసింది ఆర్డరు వచ్చాక చెప్పాను. పెళ్ళి చేసుకోవాలనుకున్నవాణ్ణి అంతా ఖాయం చేసుకున్నాకే ఇంటికి తీసుకొచ్చాను. ప్రతిసారీ అమ్మ నొచ్చుకుని, "ముందే చెప్పి ఉంటే నేనూ ఒక మాట సాయం చేసేదాన్ని కదే," అనేది.

అమ్మ పోయి చాలా కాలమైంది. అలవాటు పోలేదు. మా అమ్మాయి మాదాపూర్‌లోనే పని చేస్తుంది, వారానికోసారి వచ్చి వెళ్తుంది. పోయిన నెల నా కంటికి ఆపరేషనైంది. దవాఖానకు ఒక్కదాన్నే ఆటోలో వెళ్ళి, ఒక్కదాన్నే వచ్చి, రెండు రోజులాగి చెప్పాను. ఆ పిల్ల అరవలేదు. మంచం మీద నా పక్కన కూర్చుని, "నన్ను నమ్మవా అమ్మా?" అంది. ఆ పిల్ల నాకు ఏ అన్యాయమూ చేయలేదు.